ఉమ్మడి నిధిలో కొత్త కష్టానికి చోటు



అక్టోబరు నెల వస్తే మన ఉద్దానం వాళ్లకు గుండెలో ఒక గుబులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరి చెట్లు, పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ ఆధారమైన జీడి తోటలు ఒక్క పూటలో నేలకు ఒరిగాయి. కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి.

ఆ రోజుల్లో అందరిదీ కష్టమే. కాని డయాలసిస్ మీద బతికే మనిషి కష్టం వేరు. ఇల్లు కూలిన వాడు బడిలో తల దాచుకోగలడు. తోట పోయిన వాడు ఏడ్చి, కళ్లు తుడుచుకొని, మళ్లీ మొక్క నాటగలడు. వారానికి రెండు మూడు సార్లు రక్తం శుద్ధి చేయించుకోవలసిన మనిషికి మాత్రం వాయిదా లేదు. మిషను నడవడానికి కరెంటు కావాలి. నాలుగు గంటల ఒక్క విడతకు సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. మిషను దగ్గరకు చేరడానికి రోడ్డు కావాలి. తుపాను మొదట తీసుకుపోయేది ఈ మూడింటినే.

ప్రతి సంచికలో ఆహారం గురించో మందుల గురించో రాసే మేము ఈసారి డబ్బు గురించి రాస్తున్నాము. పది మంది కలిసి ఒక పని కోసం వేసిన డబ్బును, అనుకోని కష్టం వచ్చినప్పుడు వేరే పనికి మళ్లించవచ్చా? మళ్లిస్తే ఎవరి వాటా తగ్గించాలి? ఇది పెద్ద దేశాల మంత్రులు మాట్లాడుకునే సంగతి అనిపించవచ్చు. నిజానికి మన వార్డులో మంచం మీద ఉన్న రోగికి ఇది చాలా దగ్గర సంగతి.

మా అనుభవం

తిత్లీ తరువాత మేము ఇబ్బంది పడింది డబ్బు లేక కాదు. ఖాతాలో డబ్బు ఉంది. మూడు దేశాల సంఘాల వారు కలిసి ఏర్పరచుకున్న ఉమ్మడి నిధి నుంచి, ఒక కొత్త గది కట్టడానికి వచ్చిన సొమ్ము అది. ఆ వారంలో మాకు కావలసింది గది కాదు. జనరేటరుకు డీజిలు కావాలి. ట్యాంకరు నీళ్లు కావాలి. పైకప్పు ఎగిరిపోయిన సిబ్బంది ఇళ్లకు రేకులు కావాలి. లోపలి ఊళ్ల నుంచి రోగులను తీసుకురావడానికి జీపు బాడుగ కావాలి. ఈ గది సొమ్ములో కొంత వాడుకోవచ్చా అని ముగ్గురికీ ఉత్తరాలు రాశాము. ఒక దేశం వారు వెంటనే సరే అన్నారు. రెండవ వారు తమ కమిటీ కూడాలన్నారు. మూడవ వారి జవాబు వచ్చేసరికి ఊళ్లకు కరెంటే వచ్చేసింది.

వారి మీద ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. ఆ సొమ్ము వేసిన వారిలో పింఛను మీద బతికే ముసలివారు ఉన్నారు. గది కోసం అని ఇచ్చారు. గదికే వాడాలని కోరుకోవడం న్యాయమే. మన దేశ చట్టం కూడా అదే చెబుతుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం ఏ ప్రయోజనం కోసం వచ్చిన సొమ్మును ఆ ప్రయోజనానికే ఖర్చు చేయాలి. 2020లో చేసిన సవరణ తరువాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరొక సంస్థకు ఇవ్వడం కూడా కుదరదు. కాబట్టి పక్క ఊరి సంస్థకు మనకంటే ఎక్కువ అవసరం ఉన్నా, మన చేతిలోని ఆ సొమ్మును వారి చేతిలో పెట్టలేము. కష్టం వచ్చినప్పుడు ఏం చేయాలో మొదట రాసుకున్న కాగితంలోనే లేకపోతే, ఇచ్చిన వారి మనసు మంచిదైనా, పుచ్చుకున్న వారి అవసరం నిజమైనా, చేతులు కట్టేసినట్టే.

ఇందులో మాది కూడా తప్పుంది. ఒప్పందం రాసుకున్న రోజున తుపాను మాట మేము ఎత్తలేదు. ఉద్దానంలో ఉంటూ, అక్టోబరు ఎలా ఉంటుందో తెలిసి కూడా ఎత్తలేదు.

మన అక్కచెల్లెళ్లకు తెలిసిన లెక్క

ఈ విషయం మన డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. పది పన్నెండు మంది కలిసి నెలనెలా పొదుపు వేస్తారు. ఈసారి ఒకరికి గేదె, వచ్చేసారి మరొకరికి కుట్టు మిషను అని అనుకుంటారు. ఇంతలో ఒకామె భర్తను శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చవలసి వస్తుంది. గేదె కొనవలసిన ఆమె, పోనీలే వదినా, ముందు అన్నయ్యను చూసుకో అంటుంది. మంచిదే. కాని ప్రతిసారీ ఆమే వదులుకోవలసి వస్తే? లేదా ఆమె గేదెకు బయానా ఇచ్చేసి ఉంటే? అందుకే తెలివైన సంఘాలు మొదటి నుంచీ కొంత సొమ్మును ఎవరి పేరా రాయకుండా పక్కన ఉంచుతాయి. ఇంట్లో అయితే ఆ పని అమ్మ చేస్తుంది. పోపుల డబ్బాలో నాలుగు నోట్లు ఎప్పుడూ ఉంటాయి. అవి ఎందుకోసమని ఎవరూ అడగరు.

దేశాలు కలిసి పెట్టుకున్న పెద్ద నిధుల సంగతీ ఇంతే. సున్నాలు ఎక్కువ ఉంటాయి గాని తగువు ఒక్కటే.

పెద్ద సంచుల కథ

యూరప్‌లోని 27 దేశాలు కలిసి ఏడేళ్లకు ఒకసారి తమ ఉమ్మడి బడ్జెట్ హద్దులు నిర్ణయించుకుంటాయి. ఇప్పటిది 2021 నుంచి 2027 వరకు. దాన్ని ఖాయం చేసిన తరువాత, 2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. ఏడేళ్ల లెక్కలో ఆ యుద్ధం లేదు. మళ్లీ కూర్చోవలసి వచ్చింది. అందరూ ఒప్పుకుంటేనే మార్పు సాధ్యం. 2023 డిసెంబరులో ఒక దేశం అడ్డు చెప్పింది. 2024 ఫిబ్రవరి 1న గాని మాట కుదరలేదు. ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోలు ఇవ్వాలని తీర్మానించారు. అందులో 3,300 కోట్లు అప్పు, 1,700 కోట్లు సహాయం.

ఈ మార్పులకు కావలసిన డబ్బులో కొంత కొత్తగా వేశారు. కొంత పాత పనుల నుంచి తీశారు. అలా మళ్లించిన 1,060 కోట్ల యూరోలలో 100 కోట్లు ఆరోగ్య కార్యక్రమం నుంచి తీసినవి. ఆ ఆరోగ్య కార్యక్రమం ఎందుకు పుట్టింది? కోవిడ్ వంటి ఆపద మళ్లీ వస్తే సిద్ధంగా ఉండాలని. అంటే నిన్నటి ఆపద నేర్పిన పాఠంతో దాచిన సొమ్మును నేటి ఆపద తీసుకుంది. బాంబులు పడుతున్న ఊళ్లకు సాయం చేయవద్దని ఎవరు అంటారు? మేమూ అనము. కాని తీసిన చోట ఏం ఆగిపోయిందో కూడా లెక్క రాయాలి అంటాము.

రెండవ సంచి మనకు తెలిసినదే. హుద్‌హుద్ తరువాత, 2015లో, ప్రపంచ బ్యాంకుకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి సంఘం మన రాష్ట్రానికి 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 1960లో ఏర్పడిన ఈ సంఘానికి అనేక దేశాలు మూడేళ్లకు ఒకసారి డబ్బు సమకూరుస్తాయి. ఒకప్పుడు పుచ్చుకున్న మన దేశం ఇప్పుడు అందులో డబ్బు వేసే దేశం కూడా. విశాఖపట్నంలో భూమి లోపల వేసిన కరెంటు కేబుళ్లు ఆ రుణంతో చేసిన పనులలో ఒకటి. ఆ పథకంలో చివరన అత్యవసర స్పందన అని ఒక భాగం కూడా పెట్టారు. ఇలాంటి భాగానికి సాధారణంగా మొదట సున్నా రూపాయలే రాస్తారు. సున్నా రాయడానికి ఒక భాగం ఎందుకని మీరు అడగవచ్చు. అది తలుపు వంటిది. రేపు మరో ఆపద వచ్చి ప్రభుత్వం కోరితే, మిగతా భాగాలలో ఖర్చు కాని సొమ్మును ఆ తలుపు గుండా తీసుకురావచ్చు. అప్పటికప్పుడు కొత్త ఒప్పందం రాసుకోనక్కరలేదు. గోడ కట్టేటప్పుడే తలుపు పెట్టడం సులువు. కట్టిన తరువాత గోడ పగలగొట్టడం కష్టం.

మా మూడు దేశాల నిధి కాగితంలో ఉండవలసింది ఈ సున్నా భాగమే. అది లేకనే మేము ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాము.

మూడవ సంచి ప్రపంచ ఆరోగ్య సంస్థది. ఆ సంస్థకు సభ్య దేశాలు తప్పనిసరిగా కట్టే చందా చాలా ఏళ్లు మొత్తం బడ్జెట్‌లో ఐదో వంతు కంటే తక్కువే ఉండేది. మిగతాది ఇష్టపడి ఇచ్చేది. అందులో ఎక్కువ భాగం ఫలానా జబ్బుకు, ఫలానా దేశానికి అని ముందే పేరు రాసి ఇచ్చేది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా పెరిగినప్పుడు వెంటనే వాడుకోవడానికి పేరు రాయని సొమ్ము తగినంత లేకపోయింది. 11,000 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత, 2015లో, అత్యవసరాల కోసం ఒక నిధి పెట్టుకున్నారు. ఇప్పుడు ఆపద కబురు అందిన 24 గంటల్లోపే అందులోంచి డబ్బు విడుదల చేయగలరు.

2025 మే నెలలో ఇదే సంస్థ మహాసభలో జరిగిన రెండు సంగతులు మన ఉద్దానం వాళ్లు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది, మూత్రపిండాల ఆరోగ్యం గురించి ఆ సభ మొట్టమొదటిసారిగా ఒక తీర్మానం చేసింది. మనలాగే కారణం తెలియని కిడ్నీ జబ్బుతో బాధపడే మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశం దానికి ముందు నిలిచింది. రెండవది, అమెరికా తప్పుకుంటానని ప్రకటించడంతో, 2026–27 సంవత్సరాలకు ముందు అనుకున్న 530 కోట్ల డాలర్ల బడ్జెట్‌ను 420 కోట్లకు తగ్గించారు. మిగతా దేశాలు తమ చందాలు 20 శాతం పెంచడానికి ఒప్పుకున్నాయి. లేకపోతే ఇంకా తగ్గేది. మన జబ్బు పేరు ప్రపంచపు పట్టికలోకి ఎక్కిన నెలలోనే పట్టిక వెనుక ఉన్న సంచి చిక్కిపోయింది.

మళ్లించడంలో ఉన్న ప్రమాదం

ఇంతవరకు చదివిన వారు, ఆసుపత్రి వారు ఏ డబ్బునైనా ఎటైనా మళ్లించుకునే స్వేచ్ఛ అడుగుతున్నారు అనుకోవచ్చు. కాదు. మళ్లించడంలో ఉన్న ప్రమాదాన్ని మేమే కళ్లారా చూశాము.

2020లో కోవిడ్ వచ్చింది. క్షయ పరీక్ష కోసం ఉన్న ట్రూనాట్ మిషన్లను మన రాష్ట్రంలో కోవిడ్ పరీక్షలకు వాడారు. అప్పుడు అది తప్పనిసరి. క్షయ సిబ్బంది కూడా కోవిడ్ పనిలోకి వెళ్లారు. ప్రజలు భయంతో ఇల్లు కదలలేదు. దేశమంతటా 2019లో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదైతే, 2020లో నమోదైనవి సుమారు 18 లక్షలే. ఆరు లక్షల మందికి జబ్బు నయమైపోయిందా? లేదు. వారిలో ఎక్కువ మంది ఎవరి లెక్కలోకీ రాకుండా ఇళ్లలోనే దగ్గుతూ ఉండిపోయారు.

ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం 2002లో మొదలైన గ్లోబల్ ఫండ్ ఆ సమయంలో చేసిన పని గమనించదగ్గది. మన దేశం దాని నుంచి సాయం పొందుతుంది, దానికి డబ్బూ ఇస్తుంది. 2020 మార్చిలో ఆ సంస్థ, ఉన్న సొమ్ములో మిగులును కోవిడ్ పనులకు వాడుకోవచ్చని దేశాలకు చెప్పింది. అంతటితో ఆగలేదు. మరుసటి నెలలోనే కోవిడ్ కోసం విడిగా ఒక ఖాతా తెరిచి, కొత్త సొమ్ము అడిగి తెచ్చింది. ఆ ఖాతాతో కోవిడ్ పనులే కాక, దెబ్బతిన్న క్షయ, మలేరియా, ఎయిడ్స్ పనులను నిలబెట్టాలన్నది కూడా దాని ఉద్దేశం. పాత సంచిలోంచి తీయడం మొదటి రోజు పని. పాత సంచిని మళ్లీ నింపడం రెండవ రోజు పని. చాలా చోట్ల మొదటిదే జరుగుతుంది.

మా దగ్గర జరిగింది కూడా అదే. కోవిడ్ రాకముందు మా బండి ఊళ్లకు వెళ్లి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేసేది. 2020లో ఆ బండిని, అందులోని నర్సును, దాని డీజిలు ఖర్చును కోవిడ్ పనికి మళ్లించాము. ఈసారి ఎవరి ఉత్తరం కోసమూ ఆగలేదు. తిత్లీ నాటి ఆలస్యం గుర్తుంది కదా! ఆ నిర్ణయం తప్పు అనుకోవడం లేదు. తప్పు ఏమిటంటే, బండి తిరిగి ఎప్పుడు ఊళ్లకు వెళ్లాలో రాసుకోలేదు. కోవిడ్ తగ్గింది. బండి వేరే పనుల్లో పడింది. మళ్లీ ఊళ్లకు వెళ్లేసరికి, ముందు పరీక్షల్లో క్రియాటినిన్ కొద్దిగా పెరిగి ఉన్న కొందరు డయాలసిస్ దాకా వచ్చేశారు. మధ్యలో ఒక్కసారి చూసి, రక్తపోటు మందు సరిచేసి, నొప్పి మాత్రలు మానిపించి ఉంటే వారిలో కొందరికి ఇంకొంత కాలం దక్కేదేమో. ఈ మాట రాయడం మాకు సులువు కాదు. ఆ తప్పు ఏ దేశం వారిదీ కాదు, మాది.

ఉద్దానంలో ఇది చిన్న సంగతి కాదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో మన ఊళ్లలో 2,400 మంది పెద్దలను పరీక్షిస్తే సుమారు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండాల జబ్బు సూచనలు కనిపించాయి. ఒకప్పుడు డయాలసిస్ కోసం శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లవలసి వచ్చేది. తరువాత సోంపేట, పలాస, కవిటి వంటి చోట్ల కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ప్రకటించారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే నెలలో హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం కూడా మొదలైంది. ఇవన్నీ ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి. రేపు ఏ కొత్త కష్టం వచ్చినా, సర్దుబాటు పేరుతో వీటిని తాకకూడదు.

మేము కోరేది

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆపద వచ్చిన రోజున ఎవరికి ఎంత అని తగువు పడటం బావి తవ్వడం వంటిదే. గాలి లేని రోజున, నెమ్మదిగా కూర్చొని, మూడు సంగతులు రాసుకోవాలని మా అభిప్రాయం. పెద్ద దేశాల సంచికైనా, మన సంఘపు కానుకల పెట్టెకైనా ఇవే వర్తిస్తాయి.

మొదటిది, ప్రతి ఉమ్మడి నిధిలో ఒక భాగం పేరు రాయకుండా ఉంచాలి. అది కుదరకపోతే ఒప్పందంలో సున్నా భాగమైనా పెట్టాలి. ఆపద అంటే ఏమిటి, దాన్ని ఎవరు ప్రకటించాలి, ఎన్ని రోజుల్లో ఎంత వరకు మళ్లించవచ్చు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. యోసేపు కథ మీకు తెలుసు. సమృద్ధిగా పండిన ఏడేళ్లలో ధాన్యం పక్కన పెట్టాడు గనుకనే కరువు ఏడేళ్లు గడిచాయి. ఆ ధాన్యం ఏ ఒక్క ఊరి పేరా రాసి పెట్టింది కాదు.

రెండవది, తాకకూడని గీత ఒకటి గీయాలి. వాయిదా వేయడానికి వీలు లేని వైద్యం ఆ గీత లోపల ఉండాలి. డయాలసిస్, క్షయ మందులు, ఇన్సులిన్, కాన్పులు, ఎయిడ్స్ మందులు. కొత్త కష్టం ఎంత పెద్దదైనా వీటి సొమ్ము ముట్టరాదు. గది ఆరు నెలలు ఆలస్యమైతే గోడలు నొచ్చుకోవు. డయాలసిస్ ఆరు రోజులు ఆలస్యమైతే మనిషి మిగలడు. మళ్లించవలసి వస్తే ముందు కట్టడాల నుంచి, సామాను నుంచి, ప్రయాణాల నుంచి తీయాలి.

మూడవది, తీసిన సొమ్ముకు తిరిగి వచ్చే తేదీ ఉండాలి. ఏ పని నుంచి ఎంత తీశాము, ఆ పని ఎవరికి ఆగింది, ఎప్పటికి మళ్లీ మొదలవుతుంది అన్నది ఇచ్చిన వారికీ, నష్టపోయిన వారికీ చెప్పాలి. మా బండి విషయంలో మేము చేయనిది ఇదే. ఇక మీదట అటువంటి మార్పు చేసిన ప్రతిసారీ ఈ పత్రికలోనే మీకు లెక్క చెబుతాము.

కొందరు సోదరులు ఒక అభ్యంతరం చెప్పారు. పేరు రాయని సొమ్ము అంటే దుర్వినియోగానికి దారి కాదా అని. ఆ భయం ఉత్తది కాదు. పేరు రాయని సొమ్ముకు లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. అయితే ఒక్క మాట. పేరు రాసిన సొమ్ము కూడా, అవసరం మారిపోయిన తరువాత, ఎవరికీ పనికిరాని చోట ఖర్చవుతుంది. దాన్ని మనం దుర్వినియోగం అనము. రసీదులు సరిగ్గా ఉంటాయి గనుక ఊరుకుంటాము.

మీరు చేయగలిగింది

సంఘ కుటుంబాలకు మా మనవి ఇది. ఆసుపత్రికి కానుక ఇచ్చేటప్పుడు, మీ తల్లిదండ్రుల జ్ఞాపకార్థం మంచమో ఫ్యానో ఇవ్వాలని కోరుకోవడం సహజం. ఇవ్వండి. దానితో పాటు, అవసరమైన చోట వాడండి అని రాసి ఒక చిన్న మొత్తం కూడా ఇవ్వండి. దాని మీద ఎవరి పేరూ చెక్కలేము. కాని తుపాను రాత్రి జనరేటరు నడిచేది దానితోనే. విదేశాలలో ఉన్న మీ పిల్లలకు, బంధువులకు కూడా ఈ సంగతి చెప్పండి. అక్కడి సంఘాలు మన కోసం నిధి పోగు చేసేటప్పుడు, ఆపద వస్తే ఏం చేయాలో ముందే రాయమని వారు అడగగలరు.

డయాలసిస్ రోగులకు, వారి ఇంటివారికి: బడ్జెట్ మీ ఇంట్లో కూడా ఉంది. ఆటో కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోండి. మీ ఫైలు, మందుల చీటీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. మీ కేంద్రం పనిచేయకపోతే దగ్గరలో మరొకటి ఎక్కడుందో ముందే అడిగి ఉంచుకోండి. తుపాను హెచ్చరిక రాగానే, నీరసం వచ్చే దాకా ఆగకుండా, డయాలసిస్ ఒక రోజు ముందుకు జరపమని అడగండి. విడత ఆలస్యమైతే నీరు, ఉప్పు మీ డాక్టరు చెప్పిన దానికంటే కూడా తగ్గించండి. మరొక ముఖ్యమైన మాట. తుపాను తరువాత మన ఊళ్లలో మంచినీరు దొరకదు, రాలిన కొబ్బరి బోండాలు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి. ఆరోగ్యవంతులు తాగవచ్చు. మూత్రపిండాలు చెడిపోయిన వారు తాగకూడదు. అరటిపండు సంగతీ అంతే. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ప్రేమతో బోండాం కొట్టి ఇచ్చే ఇంటివారికి ఈ మాట తప్పక చెప్పండి.

మళ్లీ అక్టోబరు వస్తుంది. ఈలోగా మా మూడు దేశాల మిత్రులకు మేము మరొక ఉత్తరం రాస్తున్నాము. ఈసారి డబ్బు అడగడానికి కాదు. వచ్చే ఒప్పందంలో ఒక సున్నా భాగం, ఒక తాకకూడని గీత, ఒక తిరిగి వచ్చే తేదీ చేర్చమని అడగడానికి. వారు ఏమన్నారో వచ్చే సంచికలో మీకు తెలియజేస్తాము.

– సంపాదక వర్గం